ఇనుము తగలకూడదు

పిడివాదం అనే మాటను చిప్పగుండంలో మొదట మైకులో అరిచినవాడు హనుమేష్. కూలీల సంఘం మనిషి. రెండువేల మూడో సంవత్సరం, వాన ముఖం చూడని మూడో ఏడు. బస్సులు ఆగే చోట జీపుకు మైకు కట్టుకుని గొంతు చించుకుంటున్నాడు.

“కుక్క కరిస్తే ఆకు మింగి ఇంట్లో పండుకునేది పిడివాదం! ఆసుపత్రికి పోండప్పా! సూదులు ఏయించుకోండి!”

మైకు మూతి నేరుగా వీరభద్రయ్య శెట్టి అంగడి వైపు ఉంది. ముందర ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మే అంగడి, వెనక ఇల్లు, రెంటికీ నడుమ బండలు పరిచిన వాకిలి. ఆ వాకిట్లోనే ప్రతి ఆదివారం పొద్దున వీరభద్రయ్య కుక్కమందు ఇస్తాడు. హనుమేష్ ఎవరిని తిడుతున్నాడో గొర్రెలు కాసేవాడికి కూడా తెలుసు.

వీరభద్రయ్యకు కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు, అదే ఆయనతో చిక్కు. విత్తనాల బస్తా మీద కూర్చుని కాళ్లూపుతున్న మనవరాలు శ్రీవాసవి, ఏడేళ్లది, “తాతా, పిడివాదం అంటే ఏంది?” అని అడిగితే నవ్వాడు. “నాకేం తెలుసు తల్లీ, ఐదు సదివినోణ్ణి. మీయమ్మ కర్నూల్లో పెద్ద సదువు సదివింది, ఆమెనడుగు.”

శ్రీవిద్య అప్పుడే మామకు కాఫీ తెచ్చింది. ఎమ్మే తెలుగు చదువుతుండగానే పెళ్లి చేసి కర్నూలు నుంచి ఈ ఊరికి పంపారు. పిడివాదం అంటే ఏమిటో పరీక్షలో రెండు మార్కులకు రాసిన మనిషి.

“ఒకటి నమ్మినాక దాన్ని ఇంకెవరూ ప్రశ్న అడక్కుండా చేసుకునేది మామా. మంచి జరిగితే దానివల్లే జరిగిందంటారు. చెడు జరిగితే మనం తప్పు చేసినామంటారు. ఏం జరిగినా అది మాత్రం తప్పు కాదు.”

“అంటే, పట్టింది విడవకుండా ఉండేది.”

“అంతే అనుకోండి.”

“మంచి మాటే కదమ్మా! ఆ పిల్లగాడు నన్ను తిడతాండాడని అనుకుంటి గదా నేను!”

అంగట్లో ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. శ్రీవిద్య కూడా నవ్వింది. ఆ నవ్వును తరవాత ఎన్నిసార్లు గుర్తు చేసుకుందో లెక్కలేదు.

పిల్లకు మాత్రం మాట తెగ నచ్చింది. అవ్వ సుందరలక్ష్మి రెండో లడ్డు ఇవ్వకపోతే “పిడివాదం అవ్వా!” అనేది. నాయన రాఘవేంద్రప్రసాద్ సైకిలు కొనివ్వనంటే “పిడివాదం నాయన!” అనేది. ఇంట్లో అదొక ఆట అయిపోయింది.

ఇక ఆ మందు సంగతి చెప్పాలి. మూడు తరాల కిందట ఒక బైరాగి ఆ ఇంటి అరుగు మీద జ్వరంతో పడిపోతే గంజి పోసి బతికించారట, పోతూపోతూ ఆయన ఆకు చూపించి పోయాడట. ఆకు గుట్ట మీద ఉంటుంది. కొడవలి పెట్టకుండా గోటితో గిల్లాలి, రాతి మీద నూరాలి. నూరే పని హంపమ్మది. ఆమె మొగుడు మద్దిలేటి అదే అంగట్లో బస్తాలు మోసే హమాలీ. ఆకుముద్ద మింగినవాడు నలభై ఒక్క రోజులు పత్తెం ఉండాలి. వంకాయ, మాంసం తినకూడదు. బరువు ఎత్తకూడదు. గాయానికి నీళ్లు తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒంటికి ఇనుము తగలకూడదు. కొడవలి పట్టకూడదు, గడ్డం గీయించుకోకూడదు. సూది కూడా ఇనుమే. గడువు తీరినాక ఆదివారం వస్తే వీరభద్రయ్య తన చేత్తో కొడవలి పట్టిస్తాడు. దాన్ని ఇనుము పట్టించడం అంటారు. అది పట్టినవాడు గండం దాటినట్టు.

బతికినవాణ్ణి ఆకు బతికించింది. చచ్చినవాడు పత్తెం తప్పాడు. కరిచిన కుక్కల్లో అసలు ఎన్నిటికి పిచ్చి ఉందో చూసిన నాథుడు లేడు. కర్నాటక నుంచి కూడా ఎడ్లబండ్లు, ఆటోలు కట్టుకుని వచ్చేవారు. వీరభద్రయ్య ఒక్క పైసా ముట్టడు. టెంకాయ తెచ్చినా వెనక్కి పంపిస్తాడు. దొంగ అయితే ఏదో ఒక రోజు దొరికిపోయేవాడు. ఈయన మంచివాడు. మంచివాణ్ణి ఎక్కడని పట్టుకుంటావు?

హనుమేష్ మైకు మూగబోయిన రెండు వారాలకు, బడి విడిచే వేళ, ఒక కుక్క బజారున పడి వచ్చింది. తోక కాళ్ల సందున, నోట చొంగ. మొదట కట్టేసిన పాడి ఎనుమును కరిచింది. తరవాత బడిసంచి వీపున వేసుకుని వస్తున్న శ్రీవాసవి మీదికి ఎగిరింది. ఎడమ చెంప, కంటి కింద. మద్దిలేటి వీపు మీది యూరియా బస్తాను అక్కడే పారేసి వచ్చి కుక్కను రెండు చేతులా పట్టి లాగాడు. అది తిరగబడి అతని పిక్క పట్టుకుంది. పిల్లను వదిలిందే చాలని అతను దాన్ని అలాగే ఈడ్చుకుపోయి గోడకేసి కొట్టాడు.

శ్రీవిద్య పిల్లను ఎత్తుకొచ్చి తొట్టి దగ్గర చెంబు ముంచింది. సుందరలక్ష్మి ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

“నీళ్లు తగలనిస్తావా? బుద్ధి ఉండాదా నీకు?”

“అత్తా, చొంగ కడగాల గదా!”

“ఈ ఇంటి కోడలివి నువ్వు. ఊరికి చెప్పేటోళ్లం మనం. మన బిడ్డకే తప్పుతామా?”

చెంబు కింద పడింది. గాయానికి సున్నం మెత్తారు. వీరభద్రయ్య మనవరాలికి ఆకుముద్ద మింగించాడు. మద్దిలేటికీ అప్పుడే, అదే రాతి మీది ముద్ద.

పదిహేనో రోజున ఎనుము గొలుసు కొరికి, కాళ్లు కొట్టుకుని చచ్చింది. ఆ మధ్యాహ్నం శ్రీవిద్య మొగుడి ముందు నిలబడింది. రాఘవేంద్రప్రసాద్ బీకాం చదివాడు. అప్పుడే ఏదో పురుగుమందు డబ్బా తిప్పి తేదీ చూస్తున్నాడు. తేదీ దాటిన డబ్బా ఒక్కటి కూడా అంగట్లో ఉండనివ్వడు, దానికి పేరు పొందాడు.

“ఏమండీ, ఎనుము చచ్చింది.”

“విన్నా.”

“అదే కుక్క.”

“ఎనుముకు పత్తెం ఎవరు పెట్టినారు విద్యా?”

ఆమె అతని ముఖం కేసి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

మరుసటి రోజు, ఆదోనిలో చిన్నమ్మ ఇంట్లో వ్రతం ఉందని చెప్పి పిల్లను తీసుకుని పొద్దున బస్సెక్కింది. వెనక సీట్లో తలగుడ్డ కళ్ల మీదికి లాక్కుని మద్దిలేటి, పక్కన హంపమ్మ. నలుగురూ ఒకరినొకరు చూసి, చూడనట్టు ముఖాలు తిప్పుకున్నారు. బస్సు రెండు ఊళ్లు దాటాక హంపమ్మే లేచి వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మా, నువ్వు మమ్మల్ని చూళ్లేదు. మేము నిన్ను చూళ్లేదు.”

“సూదులకేనా?”

“పద్నాలుగంటమ్మా, బొడ్డు చుట్టూ. దినానికొకటి. ఎట్లాగూ బరువు మోయగూడదు, అంగడికి రాడు గదా. ఎవురికీ అనుమానం రాదు. సావుకారికి తెలిస్తే మా బతుకు బజారే.”

“ఆ ఆకు నూరేదానివి నువ్వే కదా హంపమ్మా!”

హంపమ్మ కిటికీలోంచి బయటికి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. “నూరేదాన్ని గాబట్టే తెలుసమ్మా. పోయిన ఎండాకాలం గుట్ట మీద ఆకంతా మాడిపాయె. మూడు వారాలు కానుగాకు నూరి పెట్టినా. సావుకారికే తెలీదు. ఆ మూడు వారాలు మింగినోళ్లూ బతికే ఉండారు.”

ఆదోనిలో ప్రైవేటు డాక్టరు పిల్ల చెంప చూసి పళ్లు కొరికాడు. “ముఖం మీద కాటు, పదహారు రోజులు కూర్చున్నారా ఇంట్లో? సున్నం ఎవరు పెట్టారు?” గాయం కడిగి, జబ్బకు సూది వేసి, ఐదు వేళ్లు చాపి చూపించాడు. “ఐదు. ఈరోజు, మళ్లీ మూడు రోజులకు, అట్లా. ఒక్కటి తప్పినా నా దగ్గరికి రావొద్దు.”

“అమ్మా, సూది అంటే ఇనుమే కదా?” అని పిల్ల బస్సులో అడిగింది.

“ఇది వేరే. ఎవరికీ చెప్పకు. తాతకు అసలు చెప్పకు.”

పిల్ల సరేనని తలూపింది. మూడు రోజులకు, వ్రతం ప్రసాదం తెస్తానని ఇంకో అబద్ధం, ఇంకో సూది. అంతవరకూ బాగానే నడిచింది.

ఆదివారం వచ్చింది. వాకిట్లో నలభై మంది దాకా కూర్చున్నారు. వీరభద్రయ్య మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల చెంప మీది మచ్చ అందరికీ కనిపించాలని కాదు, ఆయనకు ఆ పిల్ల ప్రాణం, ఎప్పుడూ ఒళ్లోనే. పత్తెం ఒక్కొక్కటే చెప్పి అందరి చేతా పలికించాడు. ఆ తరవాత ఎప్పుడూ చెప్పే కథ చెప్పాడు. ఒకడు ముప్పై రోజులు పత్తెం ఉండి, బామ్మర్ది పెళ్లని గడ్డం గీయించుకున్నాడు, నాలుగో రోజు కుక్క మాదిరి అరిచి చచ్చాడు.

“ఇనుము?” అన్నాడు వీరభద్రయ్య.

“తగలగూడదు!” అంది వాకిలి.

“తగిలితే?”

“సచ్చేదే!”

ఒళ్లో పిల్ల వణకడం మొదలుపెట్టింది. తాత గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. “తాతా, నాకు తగిలింది. రెండు తూర్లు. నేను సచ్చిపోతానా తాతా?”

గడప దగ్గర నిలబడ్డ శ్రీవిద్య ముఖం కేసి నలభై ముఖాలు తిరిగాయి. వీరభద్రయ్య అరవలేదు. ఉత్తరీయం నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆయన అరిచి ఉంటే ఆమె తిరిగి అరిచేది. ఏడ్చేవాడి మీద ఏమని అరుస్తుంది?

ఆ రోజే పిల్లకు రెండింతల ఆకు. మూడు రోజులు ఉప్పులేని జావ. పడక అవ్వ పక్కన. రాఘవేంద్రప్రసాద్ పెళ్లాంతో మాట్లాడడం మానేశాడు. సుందరలక్ష్మి మాత్రం వాకిలి ఊడుస్తూ, గిన్నెలు తోముతూ, పక్కింటివాళ్లకు వినబడేలా, “సదువుకున్న కోడలు కావల్లంటిరి, తెచ్చుకుంటిమి” అనేది.

మూడో సూది రోజున శ్రీవిద్య ఇంక అబద్ధాలు పెట్టుకోలేదు. అత్త పూజలో ఉండగా పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. చెప్పుల్లేవు, సంచి లేదు. బస్సు నిలబడే ఉంది. మెట్టు మీద ఒక కాలు పెట్టేదాకా పిల్లకు ఎక్కడికో తెలియలేదు. తెలిసిన క్షణం రోడ్డు మీద పడిపోయింది.

“నేను రాను! నేను రాను! అమ్మ నన్ను సంపనీకి తీసకపోతాంది!”

“వాసవీ, తల్లీ, లేమ్మా...”

“ఇనుము తగిలిస్తాది! తాతా! తాతా!”

జనం పోగయ్యారు. టీ బంకు వాడు గ్లాసులు వదిలేసి వచ్చాడు. ఎవరో ఆడమనిషి, “ఏమ్మా, కన్నదానివేనా నువ్వు?” అంది. పిల్ల తల్లి చేతిని కొరికింది. రాఘవేంద్రప్రసాద్ అంగట్లోంచి పరుగెత్తుకొచ్చి, జీవితంలో మొదటిసారి, అంత మందిలో, పెళ్లాం చెంప మీద కొట్టాడు. దెబ్బకు కాదు, ఆ పిల్ల చూసిన చూపుకు ఆమె చేతిలో బలం పోయింది. వేళ్లు వదులయ్యాయి. పిల్ల నాయన మెడ పట్టుకుని వేలాడింది. బస్సు పోయింది.

శ్రీవిద్య చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. ఆ రోజు వేళ్లు వదులు చేసింది.

ముప్పై రెండో రోజున పిల్ల చెంప గోక్కోవడం మొదలుపెట్టింది. చీమలు పాకుతున్నాయి అంది. చీమలు లేవు. మరుసటి రోజు స్నానానికి తొట్టి దగ్గరికి తీసుకుపోతే వెనక్కి వెనక్కి నడిచి గోడకు అంటుకుపోయింది. నీళ్లు ఇస్తే గ్లాసు తోసేసింది. గొంతు ఎండిపోయి ఉంది, దాహం, నాలుక బయటికి వస్తోంది, కానీ గ్లాసు దగ్గరికొస్తే చాలు మెడ నరాలు తాళ్లలా లేచేవి. ఫ్యాను గాలి తగిలినా గిలగిలలాడేది.

“ఒక్క గుక్క, నా బంగారు గదా, ఒక్క గుక్క,” అని సుందరలక్ష్మి చెంచాతో వెంటబడింది.

పిల్ల బొంగురు గొంతుతో, “పిడివాదం అవ్వా,” అంది. నవ్వించడానికి అన్న మాట కాదు. వదిలెయ్యమని వేడుకోవడం. దానికి తెలిసిన మాట అదే.

అప్పుడు కారు మాట్లాడారు. అప్పుడు కర్నూలు పెద్దాసుపత్రి గుర్తొచ్చింది. డాక్టరు పిల్లను తాకి, గాలికి వణకడం చూసి, రాఘవేంద్రప్రసాద్‌ను పక్కకు పిలిచాడు. ఇప్పుడు చేసేదేమీ లేదన్నాడు. చీకటి గదిలో పెట్టారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి పోయింది. చివరి గంటలో పిల్ల తల్లిని దగ్గరికి రానివ్వలేదు. ఆమె చేతుల్లో ఇనుము ఉందని అరిచింది.

పిల్లను పూడ్చి వచ్చిన రోజే ఊరు తీర్పు చెప్పేసింది. ఇనుము తగిలింది, మందు విరిగింది, బిడ్డ పోయింది. కన్నతల్లి చేతులారా. వచ్చిపోయే ఆడవాళ్లతో సుందరలక్ష్మి ఒకటే మాట. “సూది, సూది అని పట్టిన పట్టు విడవకపాయ. అదేందో పిడివాదమంటారే, ఆమెకాడ ఉన్నింది అది. అదే మింగేసింది నా బిడ్డను.”

ఆ మాట ఇంట్లోకి తెచ్చి అర్థం చెప్పింది తనే. గదిలో గోడకు ఆనుకుని శ్రీవిద్య వింది. కోడలు ఏడవడం లేదని కూడా వాళ్లు వాకిట్లో అనుకుంటున్నారు.

హనుమేష్ తన వంతు తాను చేశాడు. కరపత్రం అచ్చేయించాడు. పైన లావు అక్షరాలతో పిడివాదం. కింద చిన్న అక్షరాలతో పిల్ల వయసు, ఊరు పేరు. ఒక సంచెడు పంచి, ధర్నా ఉందని ఆలూరు పోయాడు. ఆ ఇంటి గడప తొక్కలేదు, ఆ తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆకుముద్దలు కట్టివ్వడానికి వీరభద్రయ్యకు ఆ కాగితాలు బాగా పనికొచ్చాయి.

తరవాతి ఆదివారం మద్దిలేటి పత్తెం విడిచే రోజు. పిల్ల బతికి ఉంటే ఇద్దరికీ ఒకేసారి ఇనుము పట్టించాల్సింది. వాకిట్లో ఎప్పుడూ లేనంత మంది. సావుకారి సొంత మనవరాలు పోయిందే, మందు ఇస్తాడా, ఇవ్వడా అని చూడ్డానికి వచ్చినవాళ్లే సగం. వీరభద్రయ్య బయటికి వచ్చాడు. వారం రోజుల్లో పదేళ్లు ముసలివాడయ్యాడు. గొంతు మాత్రం మారలేదు.

“నా ఇంట్లో పత్తెం తప్పినారు. నా బిడ్డ పోయింది. ఇంతకంటే సాక్ష్యం మీకేం కావల్ల? ఇదో, అదే దినం, అదే కుక్క కరిసిన మద్దిలేటి. తప్పలేదు. నిలబడినాడు సూడండి, కొండ మాదిరి!”

కొడవలి అందించాడు. మద్దిలేటి రెండు చేతులూ చాపాడు.

“మద్దిలేటీ!”

శ్రీవిద్య గడప దాటి వచ్చింది. జుట్టు ముడి లేదు. జనం దారి ఇచ్చారు, అంటుకుంటుందేమోనన్నట్టు.

“నీకు ఎన్ని సూదులు పడినాయి మద్దిలేటీ?”

మద్దిలేటి కొడవలి వైపే చూస్తున్నాడు. హంపమ్మ నూరుడు రాయి దగ్గరనుంచి లేచి నిలబడింది. తల అడ్డంగా చిన్నగా ఊపింది. వద్దమ్మా, అన్నట్టు. శ్రీవిద్యకు ఆ ఊపు కనబడింది. తన పిల్ల మీది నుంచి కుక్కను లాగిన చేతులు అవేనని కూడా తెలుసు. అయినా ఆగలేదు. తన నెత్తిన పెట్టిన చావును దించగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

“చెప్పు.”

“ఒగటి గూడా పడలేదమ్మా,” అన్నాడు మద్దిలేటి.

“చొక్కా ఎత్తు.”

“అమ్మా...”

ఆమె తనే ముందుకొచ్చి చొక్కా పట్టి పైకి గుంజింది. బొడ్డు చుట్టూ నల్లగా కమిలిన గడ్డలు, వరసకు వరస. ఇంకా వాపు తగ్గనివి కొన్ని. శ్రీవిద్య వేలు పెట్టి గట్టిగా లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. పద్నాలుగు దాకా లెక్క ఆపలేదు.

“నా బిడ్డకు రెండు. ఈయనకు పద్నాలుగు. పద్నాలుగు ఇనుములు తగిలినోడు నిలబడినాడు! ఇప్పుడు చెప్పండి మామా! మీరే చెప్పండి, ఎవరు చంపినారు నా బిడ్డను?”

వీరభద్రయ్య కొడవలి కిందికి దించాడు. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, ఆ ముసలి ముఖంలో ఏదో కదిలింది. ఆయన పెదవులు తెరుచుకున్నాయి. కొడుకు భుజం పట్టుకున్నాడు.

ఆ కదిలింది ఆగిపోయింది. ఆయన ముఖం మీదికి వెలుగు వచ్చింది. అబద్ధమాడేవాడి ముఖం మీద అంత వెలుగు రాదు.

“సూసినారా!” అన్నాడు, కళ్లలో నీళ్లతో. “పద్నాలుగు సూదులు గూడా విరగ్గొట్టలేకపాయనే! ఎంత గట్టిదప్పా బైరాగి సామి ఆకు! మోటు ఒళ్లు గాబట్టి తట్టుకునింది. నా బిడ్డది పసి ఒళ్లు, రెంటికే...” మాట పూర్తి చేయలేకపోయాడు.

వాకిలి ఒక్కసారిగా నిట్టూర్చింది. మందు మంచిదే. తాము మింగినదీ మంచిదే. ఎంత భారం దిగిపోయిందో వాళ్ల ముఖాల్లో కనబడింది. ఇంటికాడ ఉన్న తమ బిడ్డల కోసం, చచ్చిపోయిన తమవాళ్ల కోసం, వాళ్లకు ఆ మాట కావాలి. ఆయన ఇచ్చాడు.

హంపమ్మ అరిచింది. “ఆకు గాదు సావుకారీ! పోయిన ఎండాకాలం మూడు వారాలు నేను కానుగాకు నూరి పెట్టినా! దేవుని తోడు! ఎవురు సచ్చినారు? చెప్పండి, ఎవురన్నా సచ్చినారా?”

వీరభద్రయ్య ఆమె కేసి జాలిగా చూశాడు. “ఆకులో ఏముండాది హంపమ్మా? ఇచ్చే చేతిలో ఉండాది మహిమ.”

వెనక నుంచి ఎవరో “కానుగాకంట, లంజ!” అన్నారు. తరవాత జరిగింది నిమిషం పని. మద్దిలేటి చొక్కా పీలికలైంది. పత్తెం తప్పి, అదే రాతి మీది మందును మైల చేసి, అందరి బిడ్డల ప్రాణాల మీదికి తెచ్చాడని కాళ్లతో తన్నారు. హంపమ్మను జుట్టు పట్టి వాకిలి దాటించారు. “కొట్టద్దండప్పా, పాపం” అంటూనే వీరభద్రయ్య లోపలికి పోయాడు. బజారులో ఇక ఏ అంగడివాడూ మద్దిలేటి వీపు మీద బస్తా పెట్టలేదు. పోతూపోతూ హంపమ్మ గేటు దగ్గర ఆగి, పెదవి మీది నెత్తురు తుడుచుకుని, శ్రీవిద్యతో ఒక్క మాట అంది.

“నీ బిడ్డను కుక్క నోట్లోంచి తీసిందానికి బాగా ఇస్తివమ్మా కూలి.”

ఇద్దరూ గుంటూరు వైపు మిరప కోతలకు పోయారని తరవాత తెలిసింది.

ఇంట్లోంచి శ్రీవిద్యను ఎవరూ వెళ్లగొట్టలేదు. అంత చెడ్డవాళ్లు కాదు. కర్నూలు నుంచి పుట్టింటివాళ్లు వచ్చి, ఏమైనా మొగుడి ఇంట్లోనే ఉండాలని చెప్పి పోయారు. తిండి పెడతారు, చీర ఇస్తారు. నూరుడు రాయి దగ్గరికి మాత్రం రానివ్వరు. ఆదివారం పొద్దున ఆమె స్నానం చేసి వచ్చి వాకిలి గేటు దగ్గర నిలబడుతుంది. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ ఆపుతుంది.

“గాయం సబ్బుతో కడగండి. ఇప్పుడే ఆదోని బస్సుంది. సూదులు వేయించండి. నా బిడ్డ చచ్చింది ఈ మందు నమ్మే.”

మొదట్లో కొందరు ఆగారు. ఒకరిద్దరు బస్సు వైపు కూడా చూశారు. అది ఎన్నాళ్లో సాగలేదు. ఆమె ఏం చెబుతుందో పల్లెలన్నిటికీ ముందే తెలిసిపోయింది. వరసలో నిలబడ్డవాళ్లే కొత్తవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు.

రెండో ఏడు ఎండాకాలంలో ఒకామె వచ్చింది. పేరు గిడ్డమ్మ, కోసిగి అవతలి నుంచి. చంకలో నాలుగేళ్ల ఆడపిల్ల, పిల్ల పెదవి మీద పచ్చి కాటు. శ్రీవిద్య ఆమె కొంగు పట్టుకుంది. చేతులు జోడించింది. చివరికి బండల మీద కూర్చుని ఆమె కాళ్లు పట్టుకుంది.

“నీ కాళ్లు మొక్కుతా, లోపలికి పోవద్దు. ముఖం మీద కాటు. నా బిడ్డకూ ముఖమ్మీదే. పో తల్లీ, బస్సు నిలబడి ఉంది, పో!”

గిడ్డమ్మ బెదిరిపోయి నిలబడింది. పిల్లను గట్టిగా హత్తుకుని బస్సు వైపు చూసింది, వాకిలి వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. శ్రీవిద్య ఆ అడుగును చూసింది. లేవబోయింది.

వరసలోంచి ఒక ముసలామె చెయ్యి ఊపింది.

“ఏం భయపడాకమ్మా, రా. ఆమె పిచ్చిదేం గాదు. బైరాగి సామే ఆమెను ఆడ నిలబెట్టినాడు. పత్తెంలో మొదటిది అదే. ఆమె మాట ఇనకుండా గడప దాటొస్తే, నీ బిడ్డకు మందు పట్టినట్టే.”

“అట్లనా అవ్వా?” అంది గిడ్డమ్మ. ముఖం తేటపడింది. వంగి, తన కాళ్ల మీది శ్రీవిద్య వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. విప్పిన వేళ్లను కళ్లకద్దుకుని, బిడ్డనెత్తుకుని లోపలికి పోయింది.

వాకిట్లోంచి వీరభద్రయ్య గొంతు వినబడింది.

“ఇనుము?”

“తగలగూడదు!”